లీటరు సీసాలో మూడు కణాలు

(ఒక డిగ్రీ కళాశాల సెమినార్ హాలులో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైప్ చేసినది. తడబాట్లు తప్ప మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో మా సారు కూర్చున్నారు కాబట్టి నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. డిగ్రీలో నా ల్యాబ్ రికార్డు రెండుసార్లు తిప్పి పంపారు ఆయన. ఇవాళ కూడా తప్పు చెబితే ఆపేస్తారు, నాకు తెలుసు. ఆపండి సార్, పర్వాలేదు.

ఈ నీళ్ల సీసా చూడండి. లీటరు సీసా. ఇందులో నీళ్లున్నాయి, మూత కింద కాస్త గాలి ఉంది. ఇంకేముంది? డార్క్ మ్యాటర్ అని ఒకటుంది, వెలుగుకు చిక్కదు, గురుత్వాకర్షణ వల్ల మాత్రమే తెలిసే పదార్థం. దాని కణం ఒక్కోటి ప్రోటాన్‌కన్నా ఓ వంద రెట్లు బరువుంటుందనుకుంటే, ఈ క్షణాన ఈ సీసాలో అలాంటివి సుమారు మూడుంటాయి. ముప్పై కాదు, మూడు వేలు కాదు, మూడు. మన చుట్టుపక్కల నక్షత్రాల కదలికలు చూసి లెక్కగట్టిన సాంద్రత అది. ఆ మూడు సీసాలో ఆగుతాయా? ఆగవు. సెకనుకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో ఇలా వచ్చి అలా పోతాయి, వాటి చోటికి ఇంకో మూడు వస్తాయి. మీ బొటనవేలి గోరు చూసుకోండి. ఒకసారి చూసుకోండి, పర్వాలేదు. ఆ గోటిలోంచి ప్రతి సెకనుకీ 60,000 పైగా దూసుకుపోతున్నాయి. గోరుకేమైనా తెలిసిందా? లేదు కదా.

మరి ఇన్ని పోతుంటే ఒక్కటి కూడా చేతికి ఎందుకు చిక్కలేదు? నలభై ఏళ్లుగా వెతుకుతున్నారు. ఇవాళ ఆ చిక్కకపోవడం గురించే మాట్లాడతాను. పేపర్లలో ‘మళ్లీ ఏమీ దొరకలేదు’ అని ఒక చిన్న వార్త వస్తుంది, మనం పేజీ తిప్పేస్తాం. ఆ వార్త వెనక ఏ ఆలోచన చచ్చిపోయిందో, ఏది బతికిందో ఎవరూ చెప్పరు. నాకు ఆసక్తి అక్కడ.

డార్క్ మ్యాటర్ ఉందని ఎలా తెలుసు అన్నది మీకు తెలిసే ఉంటుంది, కాబట్టి అది గబగబా దాటేస్తాను. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీ గుంపును చూసి, కనిపించే బరువు ఆ వేగాలకు చాలదన్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీలో నక్షత్రాలు, వాయు మేఘాలు తిరిగే వేగం కొలిచారు. అంచుకు వెళ్లేకొద్దీ వేగం తగ్గాలి. తగ్గలేదు. ఆ తర్వాత విశ్వమంతా పరుచుకున్న తొలినాటి మైక్రోవేవ్ వెలుగును ప్లాంక్ ఉపగ్రహం కొలిచింది. మనం, ఈ కుర్చీలు, సూర్యుడు, నక్షత్రాలు అన్నీ కలిపి విశ్వంలో 5 శాతం. డార్క్ మ్యాటర్ దానికి ఐదు రెట్లు. ఈ లెక్కలో పొరపాటు ఒక శాతానికి అటూఇటూగా ఉంటుందంతే. చూడండి, అదేమిటో తెలియదు, ఎంతుందో మాత్రం ఒక శాతం తేడాతో తెలుసు. డబ్బాలో ఏముందో తెలియదు గాని తూకం మాత్రం పక్కా!

ఇంకో మాట. దీన్ని ‘చీకటి పదార్థం’, ‘కృష్ణ పదార్థం’ అంటున్నాం. నాకు ఆ పేరు నచ్చదు. నల్లగా ఉంటే వెలుగును మింగాలి కదా? ఇది మింగదు, చెదరగొట్టదు. గాజుకన్నా పారదర్శకం. కాని పేరు పడిపోయింది, ఏం చేస్తాం.

సరే. అసలు ఐదు రెట్లే ఎందుకు మిగిలింది? యాభై రెట్లు ఎందుకు కాదు? ఇక్కడ ఒక అందమైన ఆలోచన ఉంది. మన గంగజాతర ఊహించుకోండి. మైదానం కిటకిటలాడుతోంది. ఒక విచిత్రమైన నియమం: ఎవరైనా ఇద్దరు గుద్దుకుంటే ఆ ఇద్దరూ అక్కడికక్కడే మాయం. కొత్తవాళ్లు కూడా జంటలు జంటలుగా వస్తున్నారు కాబట్టి మొదట్లో వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ సమానం. తర్వాత పొద్దుగూకి చల్లబడింది, కొత్తవాళ్లు రావడం ఆగింది. గుద్దుకోవడాలు మాత్రం ఆగలేదు, జనం పలచబడుతున్నారు. అదే సమయంలో మైదానం సాగుతోంది, సాగుతూనే ఉంది. కాసేపటికి ఒకరికొకరు ఎంత దూరమైపోయారంటే, ఇక గుద్దుకునే అవకాశమే లేదు. అప్పటికి ఎంతమంది మిగిలారో, ఎప్పటికీ అంతమందే. విశ్వం చల్లబడుతూ వ్యాకోచించినప్పుడు డార్క్ మ్యాటర్‌కు జరిగింది ఇదే అనుకుంటున్నాం. ఎంత సులువుగా గుద్దుకుంటే అంత తక్కువమంది మిగులుతారు. అంతే కదా?

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టండి. ఐదు రెట్లు మిగలాలంటే గుద్దుకునే బలం ఎంతుండాలి? లెక్క చేస్తే, రేడియోధార్మికతలో బీటా క్షయం జరిపే బలహీన బలం ఉందే, సుమారు ఆ స్థాయిలో వచ్చింది. ఎవరూ కావాలని పెట్టలేదు, దానంతట అదే వచ్చింది. మా వాళ్లు దీనికి ఏకంగా ‘అద్భుతం’ అని పేరు పెట్టుకున్నారు. ఆ కణాలకు వింప్ అని పేరు. బలహీనంగా స్పందించే బరువైన కణం అని అర్థం.

ఆ పేరుతోనే చిక్కు వచ్చిందని నా అభిప్రాయం. ఒక లెక్క బాగా కుదిరితే దాన్ని రుజువులా భావించే అలవాటు మనందరికీ ఉంది. జాతకాలు కలిసినంత మాత్రాన కాపురం నిలబడాలని ఉందా?

ఈ జాతర లెక్కలోంచే రెండు గోడలు కూడా పుట్టుకొచ్చాయి. ప్రయోగం అక్కర్లేదు, కాగితం మీదే. 1977లో బెంజమిన్ లీ, స్టీవెన్ వైన్‌బర్గ్ చెప్పారు: న్యూట్రినో అంటే దాదాపు దేన్నీ తాకకుండా దూసుకుపోయే కణం, బలహీన బలంతోనే గుద్దుకునే బరువైన న్యూట్రినో ఉంటే, అది ప్రోటాన్‌కు రెండింతలకన్నా తేలిగ్గా ఉండకూడదు, ఉంటే అవసరానికి మించి మిగిలిపోతుంది అని. అది కింది గోడ. 1990లో గ్రియెస్ట్, కామియోన్‌కోవ్‌స్కీ పై గోడ కట్టారు. అది నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే దాని వెనక ఉన్నది కేవలం ‘సంభావ్యత నూటికి నూరు దాటదు’ అన్న మాట. కణం బరువెక్కేకొద్దీ గుద్దుకోవడం కష్టమవుతుంది. ఎంత బలం ఇచ్చినా క్వాంటమ్ సిద్ధాంతం ఒక హద్దు దాటనివ్వదు. దాంతో ప్రోటాన్‌కన్నా సుమారు 3,40,000 రెట్లు దాటి ఉండకూడదని తేలింది. ఇప్పటి విశ్వ సాంద్రత పెట్టి లెక్కేస్తే ఆ గోడ ఇంకా కిందికి, లక్ష రెట్ల స్థాయికి దిగింది.

కాని గుర్తుపెట్టుకోండి, ఈ గోడలు జాతర జరిగిందన్న నమ్మకం మీద కట్టినవి. అసలు ఆ కణాలు ఎప్పుడూ ఆ కిటకిటలో లేకపోతే? గోడలూ లేవు. ఆక్సియాన్ అనే కణం ఉంది, అది ఎలక్ట్రాన్‌కన్నా కోట్ల రెట్లు తేలికైనా ఇబ్బంది లేదు, అది పుట్టే పద్ధతే వేరు. ఇవాళ దాని జోలికి వెళ్లను. వెళ్తే రాత్రి భోజనాలు కూడా ఇక్కడే.

మొదటి బలి ఎవరో చెబుతాను. చాలా సులువైన ఆలోచన: మనకు తెలిసిన న్యూట్రినోలకు నాలుగో అన్న ఒకడున్నాడు, బరువైనవాడు, వాడే డార్క్ మ్యాటర్. కొత్త బలాలు అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. 1985లో గుడ్‌మన్, విటెన్ ఒక చిన్న పేపర్ రాశారు. ఇలాంటి కణం పరమాణు కేంద్రకాన్ని తాకితే కేంద్రకం కాస్త వెనక్కి తన్నుకుంటుంది, ఆ తన్నును కొలవొచ్చు అని. రెండేళ్లకే, 1987లో, అమెరికాలోని హోమ్‌స్టేక్ బంగారు గనిలో జెర్మేనియం స్ఫటికం పెట్టి చూశారు. బరువైన న్యూట్రినో ఉంటే అందులో టకటకా లెక్కలు నమోదవ్వాలి. అవ్వలేదు. కొన్నాళ్లకు జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాలలో, బలహీన బలాన్ని మోసే జెడ్ బోసాన్ అనే కణం ఎంత త్వరగా విచ్ఛిన్నమవుతుందో కొలిచి, తేలికపాటి న్యూట్రినోలు మూడే రకాలు అని తేల్చారు. వాళ్లకు వచ్చిన సంఖ్య 2.984. నాలుగో అన్నకు ఇక్కడా చోటు లేదు, అక్కడా చోటు లేదు. కథ ముగిసింది. నేను హైస్కూలు గడప తొక్కకముందే ముగిసింది.

చూశారా, అది ఎంత శుభ్రంగా చచ్చిపోయిందో! సులువైన నమూనాలో నాకు నచ్చేది అదే. దానికి దాక్కునే చోటు ఉండదు. నాలుగు స్క్రూలు తిప్పి తప్పించుకోలేదు.

ఇప్పుడు నా సొంత కథకు వస్తాను. నేను పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో మా గైడు ఒక నమూనా చేతిలో పెట్టారు. ఇంతకన్నా చిన్న నమూనా ఎక్కడా దొరకదు. మనకు తెలిసిన కణాలన్నీ ఉన్నట్టే ఉంచు. ఒకే ఒక్క కొత్త కణం చేర్చు. దానికి విద్యుదావేశం లేదు, స్పిన్ లేదు, ఏ బలమూ తెలియదు. దానికి పరిచయమున్నది ఒక్క హిగ్స్‌తోనే, అంటే మిగతా కణాలకు బరువెలా వస్తుందో చెప్పే సిద్ధాంతంలోని కణంతోనే. 1985లోనే సిల్వేరా, ఆంథొనీ జీ రాశారు దీన్ని. తర్వాత 1994లో మెక్‌డొనాల్డ్, ఇంకొందరు వివరంగా లెక్కలు చేశారు. మొత్తం నమూనాలో తెలియని సంఖ్యలు రెండే. కణం బరువు ఒకటి, హిగ్స్‌తో స్నేహం ఎంత గట్టిదన్నది రెండోది. అందులోనూ జాతర లెక్క ‘ఐదు రెట్లు మిగలాలి’ అంటుంది కాబట్టి బరువు చెబితే స్నేహం ఎంతో అదే తేలిపోతుంది. అంటే గ్రాఫ్ మీద ఒకే ఒక్క గీత. డార్క్ మ్యాటర్ ఆ గీత మీద ఎక్కడో ఒకచోట ఉండాలి, లేదా ఈ నమూనా తప్పు.

అప్పటికి హిగ్స్ దొరకలేదు. దాని బరువెంతో తెలియదు. అందుకని నేను ఐదు రకాల హిగ్స్ బరువులకు ఐదు గ్రాఫులు గీశాను. ఐదింటికీ రంగులు వేశాను, బోలెడు రాత్రులు పట్టింది. 2012 జులైలో సెర్న్‌వాళ్లు హిగ్స్ దొరికింది, 125 జీఈవీ అన్నారు. జీఈవీ అంటే సుమారు ఒక ప్రోటాన్ బరువు, అలా గుర్తుపెట్టుకోండి. ఆ రోజు లోకమంతా పండగ చేసుకుంది. నేను నాలుగు గ్రాఫులు చెత్తబుట్టలో వేశాను. ఐదోది కూడా సరిగ్గా 125 కాదు, మళ్లీ గీశాను.

ఇక ఆ గీతను ఎవరెవరు ఎటు నుంచి తినేశారో చూద్దాం. ఎడమ వైపు, అంటే తేలిక కణాల వైపు. కొత్త కణం బరువు హిగ్స్‌లో సగంకన్నా తక్కువైతే, అంటే 62.5 కన్నా తక్కువైతే, హిగ్స్ విరిగి రెండు డార్క్ మ్యాటర్ కణాలుగా మారిపోవచ్చు. డిటెక్టర్‌కు అవి కనిపించవు. హిగ్స్ పుట్టింది, మాయమైంది. అలా మాయమయ్యే హిగ్స్‌లు నూటికి ఎన్ని? సెర్న్‌లో అట్లాస్ ప్రయోగం 11 శాతానికి మించి లేవంది, సీఎంఎస్ 15 శాతానికి మించి లేవంది. మా గీత చెప్పినట్టు జరిగితే, తేలిక వైపు చాలా మేర హిగ్స్‌లలో ఎక్కువ శాతం మాయమైపోవాలి. కాలేదు. 62.5 దగ్గరి చిన్న ముక్క తప్ప ఎడమ వైపంతా పోయింది. ఒక్క దెబ్బకే.

కుడి వైపు పని గనులది. ఇక్కడ కాస్త ఆగుతాను.

మాది పలమనేరు పక్కన పల్లె. మా చిన్నతాత కోలారు బంగారు గనుల్లో పనిచేశాడు. మా వైపు నుంచి చాలామంది వెళ్లేవాళ్లు. కేజ్‌లో, అంటే గని లిఫ్టులో, దిగడం, కింద ఒళ్లు కాలిపోయే వేడి, పైకొచ్చాక చలేయడం, ఇవే ఆయన కథలు. అదే కోలారు గనుల్లో 2 కిలోమీటర్లకు పైగా లోతున 1965లో మన టాటా ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలతో కలిసి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను ప్రపంచంలో తొలిసారిగా పట్టినవాళ్లలో ఒకరయ్యారు. చిన్నతాతకు ఆ సంగతి తెలియదు. నాకూ ఎమ్మెస్సీలో గాని తెలియలేదు. గని 2001లో మూతపడింది.

గని ఎందుకు? పై నుంచి మ్యూయాన్లనే కణాలు వానలా కురుస్తుంటాయి. ఆ వానలో డార్క్ మ్యాటర్ చప్పుడు వినబడదు. కొండంత రాయిని గొడుగులా పట్టుకుంటే వాన తగ్గుతుంది. ఇప్పుడు ముందున్న ప్రయోగం పేరు ఎల్‌జీ, అంటే లక్స్-జెప్లిన్. టీవీ కంపెనీ కాదు! అమెరికాలో సౌత్ డకోటాలో, ఇందాక చెప్పిన హోమ్‌స్టేక్ గనిలోనే, 4,850 అడుగుల లోతున ఉంది. పది టన్నుల జెనాన్ ద్రవం. జెనాన్ మన గాలిలోనే ఉంటుంది, కాని కోటి పాళ్ల గాలిలో ఒక పాలు కూడా ఉండదు. ఆక్సిజన్ తీసే ఫ్యాక్టరీలలో పక్కకు తీసిన దాన్ని కూడబెట్టి, సున్నాకు సుమారు వంద డిగ్రీలు కిందికి చల్లబరిస్తే ద్రవమవుతుంది. నీళ్లలాగే రంగు లేకుండా, నీళ్లకు దాదాపు మూడు రెట్లు బరువుగా ఉంటుంది.

ఒక డార్క్ మ్యాటర్ కణం వచ్చి జెనాన్ కేంద్రకాన్ని తాకిందనుకోండి. చిన్న మెరుపు. దాన్ని పైనా కిందా ఉన్న గొట్టాలు పట్టుకుంటాయి. తాకిన చోట కొన్ని ఎలక్ట్రాన్లు ఊడతాయి. వాటిని విద్యుత్ క్షేత్రం పైకి లాగుతుంది, ద్రవం దాటి వాయువులోకి రాగానే రెండో మెరుపు, ఇది పెద్దది. రెండు మెరుపుల మధ్య సమయం ఎంతో చూస్తే తాకిన చోటు ఎంత లోతో తెలుస్తుంది. రెండింటి నిష్పత్తి చూస్తే తాకింది కేంద్రకాన్నా, ఎలక్ట్రాన్‌నా అన్నది తెలుస్తుంది. ఎలక్ట్రాన్‌ను తాకితే అది మామూలు రేడియోధార్మికత. ప్రతి స్క్రూలో, ప్రతి తీగలో ఆ దుమ్ము కాస్త ఉంటుంది. వీళ్ల శత్రువు ఆకాశంలో ఎక్కడో లేడు. స్టీలులోంచి ఊరే రేడాన్ వాయువు, అదీ శత్రువు.

2024 ఆగస్టులో ఎల్‌జీ 280 రోజుల ఫలితం చెప్పింది. మళ్లీ ఏమీ లేదు. ఎంతగా లేదో చెప్పాలంటే క్రాస్ సెక్షన్ అనే కొలత కావాలి. క్యారమ్ ఆడేటప్పుడు కాయిన్ ఎంత పెద్దదైతే స్ట్రైకర్ అంత సులువుగా తగులుతుంది కదా, అలా ప్రోటాన్ ఈ కణానికి ఎంత పెద్దగా కనిపిస్తుందన్న లెక్క. దాన్ని చదరపు సెంటీమీటర్లలో రాయాలంటే సున్నా, పాయింటు, ఆ తర్వాత 47 సున్నాలు పెట్టి 22 రాయాలి. 1987లో చచ్చిపోయిన నాలుగో అన్న ఉన్నాడే, వాడి కాయిన్ దీనికి వంద కోట్ల రెట్లు పైన పెద్దది. ఒక తరంలో, అంటే నలభై ఏళ్లకు లోపే, చూపు వంద కోట్ల రెట్లు పదునెక్కింది. దేన్ని చూసి ‘ఏమీ దొరకలేదు’ అని పేజీ తిప్పుతున్నామో చూడండి.

నా గీతకేమైంది? 65 నుంచి కొన్ని వేల జీఈవీల వరకు జెనాన్ మొత్తం తినేసింది. ఆ పైకి వెళ్తే కణాల సంఖ్య తగ్గుతుంది కాబట్టి డిటెక్టర్ చూపు మందగిస్తుంది, అక్కడ కాస్త బతికి ఉంది. కాని అక్కడ వేరే ఇబ్బంది. కణం బరువెక్కేకొద్దీ హిగ్స్‌తో స్నేహం కూడా గట్టిపడాలి, లేకపోతే జాతర లెక్క కుదరదు. వేల జీఈవీలు దాటాక ఆ స్నేహం ఎంత గట్టిదవుతుందంటే, మేము లెక్కలు చేసే పద్ధతే పనికిరాకుండా పోతుంది. అప్పుడు నా గ్రాఫ్ మీద ఆ గీతను నేనే నమ్మను. ప్రయోగం ఒక వైపు నుంచి తరుముతోంది, సిద్ధాంతం ఇంకో వైపు నుంచి గోడలా నిలబడింది. మధ్యలో ఉన్న జాగా ఏటేటా తగ్గిపోతోంది.

ఇక మిగిలింది 62.5 దగ్గర సన్నని ముక్క. అది ఎందుకు మిగిలింది? ఊయల ఊపేవాళ్లకు తెలుస్తుంది. సరైన సమయానికి చిటికెన వేలితో తోసినా ఊయల పైకి లేస్తుంది. కణం బరువు సరిగ్గా హిగ్స్‌లో సగమైతే, జాతరలో గుద్దుకోవడానికి హిగ్సే ఊయలలా సాయం చేస్తుంది. స్నేహం చాలా పలచగా ఉన్నా చాలు. అంత పలచటి స్నేహం జెనాన్‌కు వినబడదు. వింటే ఇది తప్పించుకోవడంలాగే ఉంటుంది, నాకు తెలుసు. ప్రకృతి సరిగ్గా ఆ బరువే ఎందుకు ఎంచుకుంటుంది? ఎందుకు ఎంచుకోకూడదు? రెండు ప్రశ్నలకూ నా దగ్గర జవాబు లేదు.

మధ్యలో ఒకమాట. ఏమీ దొరకలేదు అంటున్నానుగాని, ‘మాకు దొరికింది’ అన్నవాళ్లూ ఉన్నారు. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద డామా ప్రయోగం. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది, సూర్యుడు గెలాక్సీ చుట్టూ తిరుగుతాడు. జూన్‌లో రెండు వేగాలు కలుస్తాయి, డిసెంబరులో ఒకటి ఇంకోదాన్ని తగ్గిస్తుంది. వానలో స్కూటర్ వేగంగా నడిపితే ముందు వైపు ఎక్కువ తడుస్తాం కదా, అలా జూన్‌లో ఎక్కువ తగలాలి. డామా వాళ్ల సోడియం అయొడైడ్ స్ఫటికాల్లో 1990ల నుంచి ఏళ్ల తరబడి ఆ ఎగుడుదిగుడు కనిపించింది. ఉందా అంటే ఉంది, గ్రాఫు చూస్తే కంటికి కనిపిస్తుంది. కాని అది డార్క్ మ్యాటరేనా? జెనాన్‌వాళ్లకు కనిపించనప్పుడు ‘మీ పదార్థం వేరు, మా పదార్థం వేరు’ అనే వాదన ఉండేది. న్యాయమైన వాదనే. అందుకని స్పెయిన్‌లో అనైస్, కొరియాలో కొసైన్ అచ్చం అదే సోడియం అయొడైడ్‌తో ఏళ్ల తరబడి చూశాయి. ఎగుడుదిగుడు రాలేదు. నా లెక్కలో ఆ వాదన ఇక నిలబడదు. డామాలో కనిపించేది ఏమిటన్నది మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు, అది ఒప్పుకోవాలి.

ఆకాశం నుంచి కూడా హద్దులున్నాయి, అవి త్వరగా చెప్పేస్తాను. మన గెలాక్సీ చుట్టూ మరుగుజ్జు గెలాక్సీలున్నాయి, నిండా డార్క్ మ్యాటర్, నక్షత్రాలు తక్కువ. అక్కడ ఇప్పటికీ అడపాదడపా ఈ కణాలు గుద్దుకుంటుంటే గామా కిరణాలు రావాలి. ఫెర్మీ టెలిస్కోప్ ఏళ్ల తరబడి చూసింది. జాతర లెక్క చెప్పినంత బలంతో గుద్దుకునే తేలికపాటి కణాలకు, సుమారు వంద జీఈవీ లోపువాటికి, అక్కడా చాలామేర దారి మూసుకుపోయింది. ప్లాంక్ ఉపగ్రహం కొలతలు పది జీఈవీ లోపు ఇంకా గట్టిగా మూసేశాయి. ఇందులో మినహాయింపులు చాలా ఉన్నాయి, గుద్దుకోవడం వేగం మీద ఆధారపడితే ఈ హద్దులు సడలిపోతాయి. వివరాలు కావాలంటే తర్వాత టీ దగ్గర అడగండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం. ఎల్‌జీ ఉన్న గుహ పేరు డేవిస్ గుహ. 1960ల్లో రేమండ్ డేవిస్ అక్కడ ఒక పెద్ద ట్యాంకు పెట్టాడు. దాంట్లో బట్టల డ్రై క్లీనింగ్‌కు వాడే ద్రవం, లక్ష గ్యాలన్లు. దేనికి? సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు పట్టడానికి. అది ప్రధానంగా చూడగలిగింది సూర్యుడిలో బోరాన్-8 విచ్ఛిన్నమైతే పుట్టే న్యూట్రినోలను. నెలకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని పరమాణువులు దొరికేవి. ముప్పై ఏళ్లు ఓపిక పట్టాడు, 2002లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడదే బోరాన్-8 న్యూట్రినోలు మాకు అడ్డం. అవి జెనాన్ కేంద్రకాన్ని తాకితే తేలిక డార్క్ మ్యాటర్ కణం తాకినట్టే ఉంటుంది, తేడా చెప్పడం కష్టం. 2024లో ఇటలీలోని జెనాన్-ఎన్‌టీ, చైనాలోని పాండాఎక్స్-4టీ, రెండూ వీటి తొలి ఆనవాళ్లు చూశామని ప్రకటించాయి. డార్క్ మ్యాటర్ కోసం కట్టిన డిటెక్టర్‌లో సూర్యుడు వినిపించాడు! దీన్ని మా వాళ్లు న్యూట్రినో పొగమంచు అంటారు. ఇదివరకు ‘నేల’ అనేవాళ్లు, అక్కడితో ఆగిపోవాలన్నట్టు. నేల కాదు, పొగమంచే. హెడ్‌లైట్ వేసుకుని నెమ్మదిగా పోవచ్చు. కాని డిటెక్టర్ రెట్టింపు చేస్తే చూపు రెట్టింపయ్యే రోజులు అక్కడ అయిపోతాయి. ఒకప్పుడు డేవిస్ ముప్పై ఏళ్లు వెతికింది, ఇవాళ మేము తుడిచేయాలని చూస్తున్నది, రెండూ ఒకటే.

పొగమంచు కింద ఏమైనా ఉందా? ఉంది. హిగ్సినో అని ఒకటుంది. ప్రతి కణానికీ ఒక జత కణం ఉంటుందనే సూపర్ సిమెట్రీ సిద్ధాంతంలోది, బరువు 1,100 జీఈవీ ఉంటే జాతర లెక్క సరిగ్గా కుదురుతుంది. దాని క్రాస్ సెక్షన్ ఎల్‌జీ ఇప్పటి హద్దుకు చాలా కింద, పొగమంచులో ఉంది. అంటే సులువైన నమూనాల్లో ఒకటి, బాగా పాతది, ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. అందుకే ‘వింప్ చచ్చిపోయింది’ అని ఎవరైనా రాస్తే నాకు చిరాకు. అలాగే ‘వచ్చే ప్రయోగంలో దొరుకుతుంది’ అని ముప్పై ఏళ్లుగా ప్రతి ప్రాజెక్టు ప్రతిపాదనలో రాసినవాళ్ల మీద కూడా చిరాకే, అందులో నేనూ ఒకణ్ని. జరిగింది జరిగినట్టు చెబితే చాలు. నాలుగో అన్న లేడు. జెడ్ బోసాన్‌తో నేరుగా, బాహాటంగా మాట్లాడేవాళ్లెవరూ లేరు. హిగ్స్‌తో మాట్లాడేవాడు ఒక మూలకు నెట్టబడ్డాడు. హిగ్సినో తలుపు ఎవరూ తట్టలేదు.

ఇక ప్రశ్నలు అడగండి.

(కణమే కాకపోతే? గురుత్వాకర్షణ సూత్రమే తప్పేమో కదా, అని ఒక విద్యార్థిని అడిగారు.)

మంచి ప్రశ్నమ్మా. అడగాల్సిన ప్రశ్న. 2006లో బుల్లెట్ క్లస్టర్ ఫలితం వచ్చింది. రెండు గెలాక్సీ గుంపులు ఢీకొని ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. మామూలు పదార్థంలో ఎక్కువ భాగం వేడి వాయువు, అది మధ్యలో చిక్కుకుని వెనకబడింది. బరువు మాత్రం వాయువుతో లేదు, ముందుకెళ్లిపోయిన గెలాక్సీలతో ఉంది. సూత్రం మార్చి రెండింటినీ విడదీయడం చాలా కష్టం. అందుకని నేను ‘పదార్థమే’ అంటాను. కాని అది కణమే అవ్వాలని బుల్లెట్ క్లస్టర్ చెప్పదు, అది నిజం.

(మన దేశంలో ఎక్కడ చేస్తున్నారు?)

జార్ఖండ్‌లో జాదుగూడ యురేనియం గనిలో, 555 మీటర్ల లోతున సాహా ఇన్‌స్టిట్యూట్‌వాళ్ల ల్యాబ్ ఉంది. అక్కడ అతిగా వేడెక్కించిన ద్రవ బిందువులతో తేలిక కణాల కోసం చూస్తున్నారు. కణం తాకితే బిందువు టప్పున బుడగవుతుంది, ఆ చప్పుడు వింటారు. చిన్న ప్రయోగమే. కోలారంత లోతు కాదు. ఆ గని అలా మూతపడకుండా ఉంటే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

సార్ ఏదో అడుగుతున్నారు. చెప్పండి సార్.

(నీ గీతలో చివరికి ఎంత మిగిలింది, దాన్ని ఎప్పటికి తేలుస్తారు, అని అడిగారు.)

62.5 దగ్గర ముక్క వెడల్పు కొన్ని జీఈవీలు సార్, అంతే. పైన వేల జీఈవీల దగ్గర ఇంకో ముక్క, దాన్ని 60 నుంచి 80 టన్నుల జెనాన్‌తో కట్టాలనుకుంటున్న తర్వాతి డిటెక్టర్ దాదాపుగా తేల్చేస్తుంది. ఈ సన్నని ముక్కలో అడుగు భాగం మాత్రం పొగమంచు కింద ఉంది. దాన్ని జెనాన్‌తో తేల్చలేకపోవచ్చు. నా పాత ప్రింటౌట్ ఇంట్లో ఇప్పటికీ ఉంది సార్. అందులో మొదట తెల్లగా వదిలేసిన జాగా చేతి వెడల్పు ఉండేది. ప్రతి కొత్త ఫలితం వచ్చినప్పుడల్లా పెన్సిల్‌తో నింపుకుంటూ వచ్చాను. ఇప్పుడు 62.5 దగ్గర మిగిలిన తెలుపులో పెన్సిల్ ములుకు పడుతుంది, అంతకన్నా పట్టదు.